పెద్ద కొడుకు భార్య

పోయిన వారం మధ్యాహ్నం భోజనాలయ్యాక గిన్నెలు సర్దుకుంటుంటే ఫోన్ మోగింది. అవతల ఒక ఆడగొంతు ఇంగ్లీషులో, "సునీత వాళ్ళమ్మగారేనా? నేను మినాని. దోహాలో మీ పక్కింట్లో ఉండేవాళ్ళం" అంది. సునీత మా అమ్మాయి. దాన్ని ఎలాగో వెతికి పట్టుకుని నా నంబరు తీసుకుందట. నా మనసులో మినా ఇంకా ముందు పళ్ళు ఊడిన చిన్నపిల్లే. ఈ గొంతు మాత్రం సంసారం చేసి, పిల్లల్ని పెంచి, కొంచెం అలసిన మనిషిది. కుశల ప్రశ్నలయ్యాక, "ఈ చలికాలంలో అమ్మ పోయింది ఆంటీ" అంది.

వాళ్ళమ్మ పేరు నాకు ఇప్పటికీ తెలియదు. మొదటి రోజు పేరడిగితే "మినా అమ్మ" అంది. వాళ్ళ కొరియాలో బిడ్డ పుట్టాక ఆడమనిషిని ఇరుగుపొరుగు ఎవరూ పేరు పెట్టి పిలవరట. మా గోదావరి జిల్లాలో మాత్రం ఎవరు పిలిచారు గనక? నేనూ నవ్వి "సునీత అమ్మని" అన్నాను. అమ్మ అన్న మాట వాళ్ళ భాషలోనూ ఇంచుమించు అలాగే ఉందని తెలిసి ఇద్దరికీ సంబరం వేసింది. అలా పేర్లతో పని లేకుండానే ఐదారేళ్ళు గోడకు గోడ ఆనుకుని బతికాం. ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే. ఆమె రెండు మాటలు నోటితో అని, మిగతాది చేతులతో చెప్పేది. వాటిని ఇక్కడ నా తెలుగులో రాసుకుంటున్నాను.

అవి చమురు డబ్బుతో దోహా పెరుగుతున్న రోజులు. ఈ నెల ఇసుక ఉన్నచోట వచ్చే నెల రోడ్డు ఉండేది. మా ఆయన ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో అకౌంట్స్ చూసేవారు. మినా వాళ్ళ నాన్న అందులోనే ఇంజనీరు. కొరియా నుంచి వచ్చిన మగవాళ్ళు చాలామంది క్యాంపుల్లో ఒంటరిగానే ఉండేవాళ్ళు. ఈయన భార్యనూ, కూతురినీ, కొడుకునూ తెచ్చుకున్నాడు. వాళ్ళతో పాటు తల్లిని కూడా. మదీనత్ ఖలీఫా అనే పేటలో కంపెనీ అద్దెకు తీసుకున్న విల్లాల వరసలో చివరిది వాళ్ళది, దాని పక్కది మాది. వాళ్ళ గోడ దాటితే అంతా ఖాళీ నేల.

తల్లికి మతి తప్పుతూ ఉండేది. దానికి డిమెన్షియా అని ఒక పేరుందని నాకు అప్పట్లో తెలియదు. ఎండిన పండులా ముడతలు పడిన చిన్న ముఖం, వెనక్కి దువ్వి ముడి పెట్టిన తెల్లజుట్టు, అందులో ఒక వెండి పుల్ల. చూస్తే ఏ లోపమూ ఉన్నట్టు ఉండేది కాదు.

మినా వాళ్ళమ్మ పొట్టిగా, గట్టిగా ఉండేది. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి ఉండేవి, ముంజేతులు ఎప్పుడూ తడిగానే ఉండేవి. ఏదైనా ఇస్తే రెండు చేతులతో ఇచ్చేది, కొత్తిమీర కట్టయినా సరే. వెనక వాకిట్లో గొంతుక్కూర్చుని క్యాబేజీకి ఉప్పు రాస్తూ, మిరప్పొడి కలుపుతూ ఊరవేసేది. మేం చేపలు తినమని తెలిశాక, అందులో కలిపే చేపల రసం వేయకుండా నాకోసం విడిగా ఒక చిన్న జాడీ పెట్టడం మొదలుపెట్టింది. అది బాగుండదని ఆమే చెప్పేది, అయినా పెట్టేది.

దోహాలో శమాల్ గాలి వీచిందంటే వాకిళ్ళూ కిటికీలూ మంచాలూ అన్నీ ఇసుకే. మర్నాడు పొద్దుటి ఎండకు ఆ ఇసుక తెల్లగా మెరుస్తుంది. ఆమె అత్తగారు తలుపు తీసి చూసి "మంచు పడింది" అనేదట. వాళ్ళ ఊళ్ళో మంచు పడితే పొద్దున్నే ఇంటి ముందు దారి ఊడ్చుకోవాలి. మొదట్లో కోడలు "ఇది మంచు కాదు, ఇసుక" అని చెప్పి చూసింది. చెప్పినప్పుడల్లా ముసలావిడ బెదిరిపోయేది. ఒకరోజు గుప్పెడు ఇసుక పట్టుకుని, ఇది చల్లగా లేదేమని ఏడ్చిందట. ఆ రోజుతో చెప్పడం మానేసి చీపురు తెచ్చి చేతికిచ్చింది. ఇద్దరూ కలిసి ఊడ్చేవాళ్ళు.

గాలి లేని రోజుల్లో మినా వాళ్ళమ్మ గోడ అవతలి నుంచి బకెట్టుతో ఇసుక తెచ్చి శుభ్రంగా ఉన్న వాకిట్లో తనే చల్లేది. మొదటిసారి చూసి నాకు అర్థం కాలేదు.

"ఏం చేస్తున్నావు?" అన్నాను గోడ మీంచి.

"మంచు పోస్తున్నాను" అంది, నవ్వకుండా. "ఇక్కడ పని లేకపోతే ఆవిడ నా వంటింట్లో పని వెతుక్కుంటుంది."

ఆ ఇంటాయన మంచి మనిషి. తెల్లవారకముందే సైటుకు వెళ్ళి దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. బూట్లు విప్పి, ముఖం కడుక్కుని, తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి, వచ్చానని చెప్పేవాడు. ఏం తిన్నావమ్మా అని అడిగేవాడు. వరసలో అందరూ ఆయన్ని చూపించి పిల్లలకు బుద్ధులు చెప్పేవాళ్ళు. మా ఆయన కూడా, "కొడుకంటే అలా ఉండాలోయ్" అనేవారు.

"మరి స్నానం చేయించేదీ, బట్టలు మార్చేదీ ఎవరంటారు?" అని నేనంటే పేపరు తిరగేసేవారు.

ఒక ఆయాను పెట్టుకోమని నేనే మినా వాళ్ళమ్మకు చెప్పాను. ఆమె ఆ మాట భర్త దగ్గర ఎత్తిందట. "అమ్మను పరాయి చేతుల్లో పెడితే నేను కొడుకునెలా అవుతాను?" అన్నాడట.

"దానికి నువ్వేమన్నావు?"

"ఏమంటాను? నేను పెద్ద కొడుకు భార్యను."

ఏది అడిగినా చివరికి ఆ మాట దగ్గరే ఆగేది. ఏం ఉద్యోగం అని అడిగితే ఎవరైనా టీచర్నని చెప్పినట్టు చెప్పేది, అందులో గొప్పా ఉండేది కాదు, బాధా ఉండేది కాదు. వాళ్ళలో తల్లిదండ్రుల భారం పెద్ద కొడుకుది. అంటే పెద్ద కోడలిది. మిగతా ఇద్దరు కొడుకులూ సియోల్‌లో ఉండేవాళ్ళు. పండగలకు ఫోన్ చేసి, అమ్మకు ఏం పెట్టాలో ఏం పెట్టకూడదో ఈమెకు చెప్పేవాళ్ళు.

ముసలావిడ కోడల్ని మరిచిపోయింది. కోడలి మీద కోపాన్ని మాత్రం మరిచిపోలేదు. ముద్ద పెట్టించుకుంటూ, "నువ్వు మంచిదానివి. నాకూ ఒక కోడలుంది. వంట రాదు, నోరు విప్పదు, పొగరు" అని ఆ కోడలికే ఫిర్యాదు చేసేదట.

"నేను చెంచా ఆపను" అని మినా వాళ్ళమ్మ నాకు చెప్పింది. "అయ్యో అలాగా, ఇంకా ఏం చేసింది అని అడుగుతాను. జ్ఞాపకం ఉన్నప్పుడు ఇవన్నీ నాకు ఎప్పుడూ చెప్పలేదు కదా. ఇప్పుడు ఒక్కొక్కటే తెలుసుకుంటున్నాను."

చెప్పి, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వు ఆగాక ఉల్లికాడలు తరుక్కుంది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం తలుపు తట్టకుండానే మా ఇంట్లోకి వచ్చి, "ఆవిడ ఇక్కడుందా?" అంది. లేదు. బట్టలు ఆరేసి వచ్చేలోపల ముసలావిడ గేటు తీసుకుని వెళ్ళిపోయింది. చెరో వైపూ బయల్దేరాం. ఆ ఎండలో నాకు పది గజాలకే కళ్ళు బైర్లు కమ్మాయి. ఇంతలో మా విల్లాలకు నీళ్ళు తెచ్చే ట్యాంకర్ పక్కన వచ్చి ఆగింది. దాన్ని నడిపే రాజన్నది కరీంనగర్ వైపు.

"అమ్మా, ఎవల్నో దేవులాడుతున్నట్టున్నరు. ఆ చైనా పెద్దమ్మనేనా?" అన్నాడు. "కొత్త విల్లాలు కట్టే కాడ మా పోరగాండ్ల తాన కూసున్నది. ఫికర్ జెయ్యకుండ్రి. ఎక్కుండ్రి, తోల్కపోత."

అటు వైపు వెళ్ళిన మినా వాళ్ళమ్మను కేకేసి పిలిచి, ఇద్దరం ఆ ట్యాంకర్ ఎక్కాం. స్లాబు వేసి ఇంకా గోడలు కట్టని ఇంటి నీడలో ఏడెనిమిదిమంది కుర్రాళ్ళు భోజనాలకు కూర్చుని ఉన్నారు. ముసలావిడ వాళ్ళ మధ్యలో గొంతుక్కూర్చుని, వాళ్ళ క్యాన్లలోని అన్నం వాళ్ళకే వడ్డిస్తోంది. చాలన్నవాడి వీపు మీద చిన్న దెబ్బ వేసి ఇంకో గరిటె వేస్తోంది.

"కడుపు నిండిందంటే ఇనదమ్మా" అన్నాడు ఒక కుర్రాడు నా చీర చూసి తెలుగులో. "ఇంటికాడ మా అవ్వ గూడ గిట్లనే పెడ్తది. అందుకే ఎవ్వలం ఏమనలే. నీళ్ళు తాపినం, నీడకు కూసోబెట్టినం."

మినా వాళ్ళమ్మ నా చెవిలో చెప్పింది: "నాట్లకు వచ్చిన కూలీలనుకుంటోంది. మా ఊళ్ళో పొలానికి అన్నం తనే నెత్తిన పెట్టుకుని మోసుకెళ్ళేది." అత్తగారిని లేవదీస్తుందనుకున్నాను. లేపలేదు. పక్కనున్న సిమెంటు బస్తా మీద కూర్చుంది. అందరి తిండీ అయ్యేదాకా, ముసలావిడ గరిటె కడిగి బోర్లించేదాకా అలాగే కూర్చుంది. ఆ తర్వాత లేచి, ఆ కుర్రాళ్ళ ముందు నడుము దాకా వంగి నమస్కారం చేసింది. వాళ్ళు సిగ్గుపడి, ఎంగిలి చేతులతోనే లేచి నిలబడ్డారు.

సాయంత్రం మినా వాళ్ళ నాన్న వచ్చి సంగతి విని, తల్లి గదికి బయటివైపు గడియ బిగించాడు. మర్నాడు ఆయన సైటుకు వెళ్ళగానే ఆమె స్క్రూడ్రైవరు తెచ్చి ఆ గడియ ఊడదీసింది. ఆ సాయంత్రం ఆయన గొంతు పెరగడం గోడ ఇవతలికి వినిపించింది. నేను వినడం అదే మొదలు.

"ఏమన్నావు?" అని తర్వాత అడిగాను.

"ఆవిడ ఇల్లే కదా వెతుక్కుంటోంది, గదిలో పెట్టి గడియ వేస్తే ఇంక ఇల్లెక్కడ దొరుకుతుంది అన్నాను. ఆయన మళ్ళీ గడియ బిగించలేదు."

అప్పటినుంచి వాళ్ళ సాయంత్రాలు మారిపోయాయి. ఎండ తగ్గగానే ముసలావిడ రెండు జతల బట్టలూ కొన్ని చెంచాలూ దుప్పట్లో మూటకట్టి, "ఇంటికి పోవాలి, పిల్లలు ఎదురుచూస్తుంటారు" అని లేచేది. మినా వాళ్ళమ్మ ఆవిడకు చెప్పులు తొడిగి, మూట తాను అందుకుని, వెంట నడిచేది. ఎటు తిరిగితే అటు. ఇది దారి కాదని ఎప్పుడూ అనేది కాదు. కాళ్ళు నొప్పి పుట్టి ముసలావిడ నడక మందగించాక, మెల్లగా ఇటు మళ్ళించి, "చీకటి పడుతోంది. ఈ ఇంటివాళ్ళు మంచివాళ్ళు. ఇవాళ్టికి ఇక్కడ పడుకుని పొద్దున్నే వెళదాం" అని తమ గేటే తీసేది. ముసలావిడ గుమ్మం దగ్గర వంగి, మీకు ఇబ్బంది కలిగిస్తున్నామని చెప్పుకుని, లోపలికి వెళ్ళేది. ప్రతి సాయంత్రం తన ఇంటికి తనే చుట్టం.

ఒక్కోసారి మా గేటు దగ్గరే కాళ్ళు ఆగిపోయేవి. అప్పుడు ఆ మంచి ఇంటిదాన్ని నేనే. పెసరపప్పూ అన్నమూ మెత్తగా కలిపి నెయ్యి వేసి ఇచ్చేదాన్ని. ఈ ఊరివాళ్ళు దయగలవాళ్ళని కోడలితో చెప్పేదట.

ఈ సంగతులన్నీ దోహాలోని కొరియా వాళ్ళకు తెలిశాయి. వాళ్ళంతా కలిసిన ఒక పండగ రోజున ఆదర్శ కోడలని ఆమెను పిలిచి, అక్షరాలు చెక్కిన నల్లరాతి పలక ఒకటి బహూకరించారు. రెండు చేతులతో పట్టుకుని ఇంటికి తెచ్చింది. కొన్నాళ్ళకు నేను వాళ్ళ వెనక వాకిట్లోకి వెళితే ఆ పలక ఊరవేసిన క్యాబేజీ జాడీలో, ఆకుల మీద బరువుగా కూర్చుని ఉంది. నేను చూడటం ఆమె చూసింది.

"మంచి బరువు" అంది. "ఈ ఊళ్ళో సరైన రాయి దొరకదు."

ఆ తర్వాత ఏడాదికి కాబోలు, మినా వాళ్ళమ్మకు కొరియా నుంచి వాళ్ళన్న ఫోన్ చేశాడు. ఆమె కన్నతల్లికి పక్షవాతం వచ్చింది. నోరు వంకరపోయి మాట సరిగా రావడం లేదు. ఆవిడ అనే మాటల్లో కూతురి పేరొక్కటి మాత్రం అర్థమవుతోందట. అది చెప్పినప్పుడు మినా వాళ్ళమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. ఆ చేతులు ఖాళీగా ఉండగా నేను చూసింది అప్పుడే.

"వెళ్ళు మరి" అన్నాను.

"పెళ్ళయిన కూతురు బయటి మనిషి. అక్కడ చేయాల్సింది మా వదిన. ఇక్కడ చేయాల్సింది నేను."

ఆమె భర్త తన తమ్ముళ్ళిద్దరికీ ఫోన్ చేసి, అమ్మను ఒక్క నెల ఉంచుకోమని అడిగాడు. ఒకరికి ఇల్లు చిన్నదట. ఇంకొకరి భార్యకు ఉద్యోగమట. ఫోన్ పెట్టేసి, "ఇంకొన్నాళ్ళు చూద్దాం" అన్నాడట. ఆమె ఆ రాత్రికి ఊరుకుంది. పొద్దున ఆయన బూట్లు తొడుక్కుంటుంటే, తన వంటింటి ఏప్రన్ మడతపెట్టి, రెండు చేతులతో ఆయనకు అందించింది.

"మీ అమ్మ. మీరు చూసుకోండి. నేను మా అమ్మ దగ్గరికి వెళుతున్నాను."

ఆయన తొడుక్కున్న బూట్లు విప్పేశాడట. ఆయన సెలవు పెట్టాడని, అదీ ఇంట్లో ఉండి తల్లిని చూసుకోవడానికని తెలిసి ఆఫీసులో ఎవరూ నమ్మలేదని మా ఆయన చెప్పారు. వారం తిరక్కుండా ఆమె విమానం ఎక్కింది.

ఆమె వెళ్ళిన రెండు మూడు రోజులకు ఆయన మా గేటు దగ్గరికి వచ్చాడు. చొక్కా అంతా తడిసి ఉంది. అంతకుముందు నాతో నమస్కారం తప్ప మాట్లాడిన మనిషి కాదు.

"స్నానం చేయించుకోవడం లేదు" అన్నాడు తల దించుకుని. "ఎవరో మగవాడు ఒంటి మీద చెయ్యి వేస్తున్నాడని అరుస్తోంది. నన్ను పరాయివాడంటోంది."

నేను కొంగు దోపుకుని వెళ్ళాను. నేను ఆవిడకు ఆ ఊరి దయగల మనిషిని కదా, మాట్లాడకుండా నీళ్ళు పోయించుకుంది. వీపు రుద్దుతుంటే ఏదో పాట కూనిరాగం తీసింది. ఆయన తలుపు బయట టవలు పట్టుకుని నిలబడ్డాడు. ఆయా మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ నెలంతా రోజూ వెళ్ళి నీళ్ళు పోసి వచ్చాను.

మిగతావన్నీ ఆయనే నేర్చుకున్నాడు. కొడుకునని చెప్పుకోవడం మానేశాక పని తేలికైందట. మేడ మీద ట్యాంకు బాగుచేయడానికి వచ్చిన పనివాడినని చెబితే ఆవిడ అన్నం తినేది, ఆయనకూ పెట్టేది. ఒకరోజు సాయంత్రం మా వరండాలో కూర్చుని ఆయన మా ఆయనతో అన్నాడు:

"ఇవాళ నన్ను అడిగింది, ఎవరి పిల్లాడివి, మీ అమ్మ ఉందా అని. ఉందన్నాను. మరి ఇక్కడేం చేస్తున్నావు, పోయి మీ అమ్మను చూసుకో అంది."

చెప్పి నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టేశారు.

తల్లి అంత్యక్రియలు ముగించుకుని ఆమె తిరిగి వచ్చింది. జుట్టులో తెల్ల రిబ్బను పిన్ను పెట్టుకుంది. వాళ్ళలో తల్లి పోయిన గుర్తు అదట. ఇంట్లోకి వచ్చి ముందు చూసింది ఆయన చేతుల్నట. సబ్బు పొడికి వేళ్ళ సందులు పాసిపోయి ఉన్నాయట. ఆమె అడక్కముందే ఆయన ఒక శ్రీలంక ఆయాను మాట్లాడి ఉంచాడు. ఆ ఆయా వచ్చిన మొదటి రోజు మినా వాళ్ళమ్మ మధ్యాహ్నం పడుకుని సాయంత్రం దాకా లేవలేదని, ఒంట్లో బాగాలేదేమోనని మినా భయపడి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

ముసలావిడ మరుసటి చలికాలంలో భోజనం చేసి కునుకు తీస్తూ పోయింది. శవాన్ని విమానంలో తీసుకెళ్ళి వాళ్ళ ఊళ్ళో పూడ్చారు. వేసవి సెలవులకు వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. కొన్నేళ్ళు కొత్త సంవత్సరానికి కార్డులు వచ్చాయి. తర్వాత మేమూ ఇల్లు మారాం, ఊరూ మారాం.

ఇదంతా నాకు ఒక్కసారిగా కళ్ళ ముందుకు వస్తుంటే ఫోన్‌లో మినా మెల్లగా చెబుతోంది. నాన్న ముందే పోయాడు. తర్వాత అమ్మకూ నానమ్మకు వచ్చిన జబ్బే వచ్చింది. ఇంకా జ్ఞాపకం ఉండగానే, సముద్రం దగ్గర ఉన్న ఒక వృద్ధాశ్రమాన్ని తనే చూసుకుని వచ్చి పిల్లలిద్దరికీ చెప్పింది. తమ్ముడు ఒప్పుకోలేదు. ఒక్కడే కొడుకు, నలుగురూ ఏమనుకుంటారన్నాడు. తమ్ముడి భార్య ఉద్యోగం మానేస్తానంది. అమ్మ ఎవరి మాటా వినలేదు. పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది.

"మీరు అమ్మతో రోజూ మాట్లాడేవారు కదా ఆంటీ" అంది మినా. "అమ్మ మా మీద కోపంతో వెళ్ళిందా? నానమ్మకు చేసి చేసి విసిగిపోయి మమ్మల్ని కూడా దూరం పెట్టిందా? తమ్ముడు ఇప్పటికీ అదే అనుకుంటున్నాడు."

"విసుగు ఉండేదమ్మా" అన్నాను. "లేదని చెబితే అబద్ధం. కానీ మీ మీద కాదు."

వాళ్ళమ్మ కొరియా నుంచి తిరిగి వచ్చిన రోజుల్లో నాతో అన్నది అప్పుడు మినాకు చెప్పాను. మా వెనక మెట్టు మీద కూర్చుని అంది: "అక్కడ పనంతా మా వదిన చేసింది. నేను బయటి మనిషిని కదా, నన్ను ఏదీ ముట్టుకోనివ్వలేదు. ఊరికే అమ్మ పక్కన కూర్చున్నాను, చేయి పట్టుకుని. పోయేదాకా కూర్చున్నాను. అత్తగారికి ఇన్నేళ్ళూ అన్నీ చేశాను గానీ ఒక్క పూటైనా ఊరికే పక్కన కూర్చోలేదు. తీరికే లేదు. నేను ముసలిదాన్నయ్యాక పిల్లలు నాకు ఏమీ చేయక్కర్లేదు. వచ్చి కూర్చుంటే చాలు."

 

"తమ్ముడు ప్రతి ఆదివారం వెళ్ళేవాడు ఆంటీ" అంది మినా. "అమ్మ వాణ్ణి గుర్తుపట్టేది కాదు. అక్కడ చేయడానికి వాడికి పనేమీ ఉండేది కాదు, అన్నీ నర్సులు చేసేవాళ్ళు. ఏం మాట్లాడాలో తెలియక సాయంత్రం దాకా పక్కన కూర్చుని వచ్చేసేవాడు. అమ్మకు ఏమీ చేయలేకపోయానని అంత్యక్రియల రోజు కూడా అదే అన్నాడు."

"అయితే వాడికి ఫోన్ చెయ్యి" అన్నాను.

"ఇక్కడ సాయంత్రమైంది, ఈ పాటికి ఆఫీసు నుంచి బయల్దేరుతుంటాడు" అంది మినా. "ఇప్పుడే చేస్తాను." ఉంటానని కూడా చెప్పకుండా ఫోన్ పెట్టేసింది.